లచ్చమ్మ నింపి ఇచ్చిన డబ్బా

గోపన్‌పల్లిలో లచ్చమ్మ ఇంటి కింది అంతస్తులో చంద్రుడి మట్టి తయారవుతుంది. పై అంతస్తులో లచ్చమ్మ, ఆమె భర్త బాలనర్సయ్య ఉంటారు. మధ్య అంతస్తులో ఒక గది ఆమనిది. ఆమె కాకినాడ నుంచి వచ్చి కింది ల్యాబులో ఉద్యోగం చేస్తోంది కాబట్టి ఆఫీసుకు వెళ్లడమంటే ఆమెకు మెట్లు దిగడమే. కొండాపూర్ సిగ్నల్ దగ్గర రోజూ ఇరుక్కునే స్నేహితురాళ్లు ఈ ఒక్క సంగతికి ఆమెను చూసి కుళ్లుకుంటారు.

ల్యాబు సీతారామయ్యది. ఆయన ప్రభుత్వ సంస్థలో పెయింట్ల మీద పనిచేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోలేక ఈ కింది వాటా కిరాయికి తీసుకుని, హైటెక్ సిటీలో పుట్టుకొచ్చిన అంతరిక్ష కంపెనీలకు పరీక్షలు చేసి పెడుతున్నారు. వాళ్లు ఒక పదార్థం పంపిస్తారు. చంద్రుడి దుమ్ము పడితే అది ఏమవుతుందో వీళ్లు చూసి చెబుతారు.

అసలు చంద్రుడి మట్టి వీళ్లకు ఎవరిస్తారు? తమిళనాడులో ఒకచోట దానికి దగ్గరి చుట్టమైన రాయి దొరుకుతుంది. దాన్ని తెప్పించి, నూరి, జల్లించి, ఓవెన్‌లో ఆరబెడతారు. చూడటానికి బూడిద రంగు కలిసిన తెల్ల పిండి. చంద్రుడి మీద గాలీ నీరూ లేవు కనుక అక్కడి రేణువు అరగదు. పగిలిన గాజుపెంకు లాగే ఉండిపోతుంది. పైగా ఎండ తగిలితే దానికి కరెంటు ఎక్కుతుంది. దేన్ని తాకితే దాన్ని పట్టుకుని వదలదు. చంద్రుడి మీదకు వెళ్లే నౌకలోని వేడిని బయటికి పంపడానికి తెల్ల పలకలుంటాయి. వాటి మీద ఈ దుమ్ము పేరుకుంటే లోపలి యంత్రాలు వేడెక్కి ఆగిపోతాయి.

ఆ పలకలకు దుమ్ము అంటని పూత తయారు చెయ్యడం ఆమని పని. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి అదే పని. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ చంద్రుడి మీద దింపే తన ల్యాండర్‌కు ఆ పూత వాడతానంది. షరతు ఒకటే. గాలి తీసేసిన పెట్టెలో పలక మీద దుమ్ము చల్లి, ఎండలాంటి దీపం కింద ఉంచి, వంచి కుదిపాక వందకు పది వంతుల కంటే ఎక్కువ దుమ్ము మిగలకూడదు. పదికి దిగితే పూత చంద్రుడి మీదకు వెళ్తుంది. దిగకపోతే విదేశం నుంచి కొన్న, పలకకు అంటించే ఫిల్మ్ వెళ్తుంది. శుక్రవారం మీటింగ్. పాత రకం పూత మీద ముప్పై మిగిలింది.

సోమవారం ఆమనీ రాకేశూ కొత్త పూత మీద పరీక్ష పెట్టారు. రాకేశ్ ల్యాబు టెక్నీషియన్, లింగంపల్లి పిల్లవాడు. డబ్బా మూత తీసి చూశాడు.

"అక్కా, ఈసారి పిండి జర తెల్లగ కొడ్తున్నది."

"కొత్త బస్తా రాయి కదా. కానివ్వు."

సాయంత్రానికి కంప్యూటర్ ఫొటోలు లెక్కగట్టి అంకె చూపించింది. నాలుగు.

ఆమని ఇంకోసారి లెక్కగట్టించింది. నాలుగే. సీతారామయ్యను పిలిచింది. ఆయన అద్దాలు నుదుటి మీదకు తోసి, తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా చూశారు. ఆయన పొగడటం ల్యాబులో ఇంతవరకూ ఎవరూ వినలేదు.

"బానే ఉందమ్మా," అన్నారు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే కంపెనీలో ఈ పనులు చూసే శివశంకర్‌కు అంకె మెయిల్ చేసేశారు.

ఆమని పైకి పరుగెత్తి లచ్చమ్మకు చెప్పింది. లచ్చమ్మకు నాలుగంటే ఏమిటో తెలియదు. పిల్ల మొహం తెలుసు. పొయ్యి మీద శనగపప్పు పడేసి పోలెలు చేసింది. ఆమని గిన్నె పట్టుకుని కిందికి వస్తే సీతారామయ్య తలుపు దగ్గరే ఆపారు.

"ల్యాబులోకి తినేవి తేవద్దని చెప్పానా లేదా?"

"బొబ్బట్లు సార్."

ఆయన బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుని మూడు తిన్నారు. పైనుంచి లచ్చమ్మ పిట్టగోడ మీద వంగి చూసి, "సారూ, నెయ్యి పంపాల్నా?" అంది. ఆయన తల పైకెత్తకుండానే గిన్నె చాపారు.

మర్నాడు పొద్దున ఆమని కిందికి దిగేసరికి లచ్చమ్మ గేటు ముందు చీపురు పట్టుకుని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"గీ ముగ్గు సూడు బిడ్డా. ఆదివారం ఏసింది. ఊడ్సిన, నీళ్లు కొట్టిన, పెండ కలిపి సాంపి జల్లిన. చీపురు అరిగింది గాని ఇది పోతలేదు. రాయి సందులల్ల కూసున్నది."

ఆమని వంగి చూసింది. గేటు ముందు పరిచిన నల్లరాయి మీద చుక్కలూ గీతలూ మసకగా ఉన్నాయి.

"పోతే ఏం, పోకపోతే ఏం పెద్దమ్మా? రేపు మళ్లీ వెయ్యక్కర్లేదు."

"అవునే, మీ దిక్కు గట్లనే ఏస్తరా? ఒకనాటి ముగ్గు మీద ఇంకొకనాటి ముగ్గు?"

"మా వైపు స్టిక్కర్ అంటిస్తున్నారిప్పుడు."

"పో, పనికి పో."

ఆమని నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. శుక్రవారం రిపోర్టులో దుమ్ము రేణువుల ఫొటోలు పెట్టాలి. డబ్బాలోంచి చిటికెడు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. రోజూ చూసే గాజుపెంకులు కనిపించలేదు. రేణువులు మొండిగా, పలకల్లా ఉన్నాయి. ఇంకో చిటికెడు తీసింది. అవే. మూడో చిటికెడులో, ఆ తెల్ల రేణువుల మధ్య, ఒక గులాబీ రంగు నలుసు.

రాకేశ్‌ను పిలిచి చూపించింది.

"చంద్రుని మీద గులాల్ చల్లుకుంటరా ఏంది అక్కా?"

ఆమని నవ్వలేదు. బీరువాలోంచి పలుచని ఆసిడ్ తీసి గాజుపలక మీది పిండిపై ఒక చుక్క వేసింది. పిండి నురుగు కట్టింది. వీళ్లు వాడే రాయి ఆసిడ్‌కు నురగదు. సున్నపురాయి నురుగుతుంది. సున్నపురాయి పొడి ఎక్కడెక్కడ దొరుకుతుందో ఆలోచించాల్సిన పని లేదు. అన్ని కిరాణా కొట్లలోనూ ముగ్గుపిండి పేరుతో దొరుకుతుంది.

ఆమని చిన్న బ్రష్ తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. నల్లరాయి సందుల్లోంచి కాస్త పొడి గీకి తెచ్చింది. చుక్క వేసింది. నురగలేదు.

గేటు ముందు చంద్రుడి మట్టి ఉంది. ల్యాబులో ముగ్గుపిండి ఉంది.

రాకేశ్ స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"అక్కా, ఒకటి చెప్తా. సారుకు చెప్పకు."

జల్లించినప్పుడు మిగిలే మొరుం పొడి ఎందుకూ పనికిరాదు. పారబోసేదే కదా అని రాకేశ్ దాన్ని లచ్చమ్మకు ముగ్గుకు ఇస్తున్నాడు. ల్యాబులో ప్లాస్టిక్ వాడరు. ప్లాస్టిక్‌కు దుమ్ము అంటుకుంటుందని సీతారామయ్య అన్నింటికీ బేగంబజార్ నుంచి స్టీలు డబ్బాలు తెప్పించారు. మంచి దుమ్ముకూ అదే డబ్బా, పారబోసే పొడికీ అదే డబ్బా. ఓవెన్ వేడికి చీటీలు ఊడిపోతున్నాయని చీటీ డబ్బా మీద కాకుండా అర మీద అంటిస్తారు. లచ్చమ్మ డబ్బా ఎప్పుడూ కిటికీ పక్కన ఉంటుంది. శనివారం అరలు నిండిపోతే రాకేశ్ కొత్తగా జల్లించిన మంచి దుమ్మును కిటికీ పక్కన పెట్టి, గ్యాస్ సిలిండర్ కోసం వెళ్లాడు.

"పెద్దమ్మ వచ్చి పట్కపోయింటది," అన్నాడు రాకేశ్. "పట్కపోయిందే గాక, నింపి తెచ్చి ఆడనే పెట్టింది. నేను మన మంచి దుమ్మే అనుకున్న."

"ఎందుకు నింపింది?"

"ఒట్టి డబ్బా ఎట్లిస్తది అక్కా?"

నిజమే. ఆమని గదికి వచ్చిన కొత్తలో లచ్చమ్మ పంపిన పప్పు గిన్నెను తోమి ఖాళీగా తిరిగి ఇచ్చింది. లచ్చమ్మ గిన్నె తీసుకుని, దాంట్లో నాలుగు జామకాయలు వేసి, దాన్నే మళ్లీ ఆమని చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఆ గిన్నె రెండు అంతస్తుల మధ్య తిరుగుతూనే ఉంది. ఒక్కసారీ ఖాళీగా మెట్లెక్కలేదు, దిగలేదు.

ఆమని తెర మీది నాలుగును చూసింది. మెత్తటి ముగ్గుపిండి ఏ పూత మీద నుంచైనా జారిపోతుంది. అది తన పూత గొప్ప కాదు. కానీ అంకె శివశంకర్‌కు చేరిపోయింది. గులాబీ నలుసును ఈ గదిలో ఇద్దరే చూశారు.

"మల్ల చేద్దామంటే మంచి దుమ్ము లేదు," అన్నాడు రాకేశ్. "కొత్తది నూరి ఆరబెట్టేసరికి శుక్రవారం దాటిపోతది. చప్పుడు చెయ్యకుంటే ఏమైతది అక్కా? మన పూత మంచిదే గదా."

"మంచిదో కాదో మనకు తెలీదు రాకేశ్. తెలుసుకోడానికే కదా పరీక్ష పెట్టింది."

"మరి చెప్తవా?"

ఆమని లేచి మెట్ల వైపు నడిచింది. అంకె వెనక్కి తీసుకోవడం ఒక కష్టం. లచ్చమ్మకు చెప్పడం ఇంకో కష్టం. మొదటిదానికంటే రెండోదే ఎక్కువ భయపెట్టింది. జ్వరం వచ్చి పడుకుంటే తన మంచం పక్కన చాప వేసుకుని పడుకున్న మనిషి ఆమె.

పైన లచ్చమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమని పక్కన కూర్చుని తనూ కొన్ని తుంచింది.

"పెద్దమ్మా, శనివారం కింద నుంచి పిండి డబ్బా తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్న. రాకేశ్ లేకుండె. కిటికీ కాడ పెట్టి పోయిండు, పాపం. ఈసారి పిండి మస్తు సన్నగున్నది. మైదా లెక్క."

"డబ్బా మళ్లీ నింపి పెట్టారట."

లచ్చమ్మ మొహం విప్పారింది.

"అంచు దాక నింపిన. చందానగర్ పోయి మంచి ముగ్గు తెచ్చిన. పోయినేడు రంగులు కలిపిన గిన్నెతోటి పోసిన గని, కడిగినంకనే పోసిన. దినాం మీరే ఇస్తుండ్రి, నేను ఒక్కసారన్న ఇయ్యొద్దా?"

ఆమని చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఉండిపోయింది. లచ్చమ్మ చెయ్యి ఆగింది.

"ఏమైంది బిడ్డా? నేను ఏమన్న ఖరాబు జేసిన్నా?"

లేదు అనడానికి ఆమని నోరు తెరిచింది. లచ్చమ్మ ఆమెనే చూస్తోంది.

"డబ్బా మారింది పెద్దమ్మా. అది పారబోసే పొడి కాదు, పరీక్షకు దాచిన దుమ్ము. తప్పు మాది, తీసుకెళ్లి మీ చోట పెట్టాం. మీరు నింపిన ముగ్గుతోనే మేము నిన్న పరీక్ష చేశాం."

లచ్చమ్మ కాసేపు లెక్క కూడగట్టుకుంది.

"అయితె నిన్న పాసైంది నా ముగ్గా?"

"అవును."

"దానికా నేను పోలెలు చేసింది?"

"సారు మూడు తిన్నారు కూడా."

లచ్చమ్మ నవ్వింది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ పని ఖరాబైతుంటె నేను నవ్వుతున్న సూడు," అంటూ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ పిండి పోసుకుని పై అర మీద వెనక్కి దాచిన తన డబ్బా దించి తెచ్చింది. సగానికి పైగా ఉంది.

"సన్నగున్నదని బతుకమ్మకు దాసిన. ఆదివారం ఒక్కనాడే ఏసిన. తీస్కపో. ఇంకో ముచ్చట. రాకేశ్‌ను సారు తిడ్తడేమో, నేనే అడిగి తీసుకున్న అని చెప్పు."

కింద రాకేశ్ అప్పటికే సీతారామయ్య ముందు నిలబడి ఉన్నాడు. ఆమని రాకముందే, పెద్దమ్మది తప్పేం లేదు, డబ్బా అక్కడ పెట్టింది తనే అని చెప్పేశాడు. సీతారామయ్య అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు. ఆయన కోపం వచ్చినప్పుడు చేసే పని అది. కోపం ఎంత ఉంటే అంత సేపు తుడుస్తారు. ఆమని మిగతాది చెప్పింది. ఆయన తుడవడం ఆపలేదు.

"చీటీ అర మీద అంటించమన్నది ఎవరు?" అని అడిగారు చివరికి.

ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

ఆయన అద్దాలు పెట్టుకున్నారు. "పైన ఎంత మిగిలింది?"

ఆమని డబ్బా చూపించింది.

"మళ్లీ జల్లించండి. ప్రతి చెంచాకూ ఆసిడ్ చుక్క వేసి చూసి వాడండి. శివశంకర్‌గారికి నువ్వే మెయిల్ రాయి. అంకె వెనక్కి తీసుకుంటున్నాం అని రాయి. కారణం కూడా రాయి."

"ముగ్గుపిండి అని రాయమంటారా సార్?"

"మరేమని రాస్తావమ్మా?"

ఆమని రాసింది. ఒకసారి మొత్తం చదివి పంపే మీట నొక్కింది.

పరీక్ష గురువారం మధ్యాహ్నానికి పూర్తయింది. లచ్చమ్మ భోజనం చేశాక వచ్చి ల్యాబు గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. లోపలికి రానని తనే అంది. "నా కాలికేం అంటి ఉంటదో, మల్ల ఏం పరేషానో." సీతారామయ్య తన కుర్చీ తెచ్చి బయట వేశారు. ఆమె కూర్చోలేదు, ఆయనా కూర్చోలేదు. కుర్చీ ఖాళీగా ఉంది.

తెర మీద అంకె వచ్చింది. పదహారు.

రాకేశ్ ఆమని వంక చూశాడు. ఆమని బయటికి వచ్చి మెట్టు మీద లచ్చమ్మ పక్కన కూర్చుంది.

"పాసా?"

"కాదు పెద్దమ్మా. పదికి దిగాలి. పదహారు దగ్గర ఆగింది."

"ఇంతకుముందు ఎంతుండె?"

"ముప్పై."

"మరి ముప్పై నుంచి పదహారుకొచ్చినవ్ గదా," అంది లచ్చమ్మ. ఆమని తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆమని ఏడవలేదు. ముక్కు మాత్రం తుడుచుకుంది.

శుక్రవారం సీతారామయ్య కారులో ఆయనా ఆమనీ హైటెక్ సిటీకి వెళ్లారు. మీటింగ్ గదిలో కిటికీ అంతా అద్దమే. శివశంకర్ వయసులో ఆమని కంటే మరీ పెద్దవాడేం కాదు. మెయిల్ ప్రింట్ తీయించి ముందు పెట్టుకున్నాడు.

"మేడమ్, నేను వరంగల్ వాణ్ని. మా అమ్మ చేసినా ఇదే చేస్తది," అన్నాడు ముందు. తర్వాత పని మాటల్లోకి వచ్చాడు. పలకలకు పదహారు కుదరదు. వాటికి విదేశీ ఫిల్మే వాడతారు, ఆర్డరు ఆ పొద్దునే వెళ్లిపోయింది. ఆమని తల ఊపింది. దారంతా ఆ మాటకే సిద్ధపడి వచ్చింది.

శివశంకర్ కాగితం తిప్పాడు.

"ల్యాండర్ కాలి దగ్గర ఒక కెమెరా ఉంది. దాని మూత మీద ఇరవై వరకు ఒప్పుకుంటాం. ఫిల్మ్ ఆ వంపుకి అంటుకోదు, పూతే కావాలి. చిన్న ముక్క, ఇంతే." అరచెయ్యి చాపి చూపించాడు. "చేస్తారా?"

ఆమని సీతారామయ్య వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నువ్వే చెప్పుకో అన్నట్టు.

"చేస్తామండి," అంది.

ఇంటికి వచ్చేసరికి లచ్చమ్మ పిట్టగోడ దగ్గరే ఉంది. ఆమని కింద నుంచే అరచెయ్యి పైకెత్తి చూపించింది.

"ఏంది, ఐదా? ఐదు రోజులా?"

"కాదు పెద్దమ్మా. ఇంత ముక్క వెళ్తుంది."

"గింతేనా?"

"ఇంతే."

లచ్చమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "ఫికర్ లేదు. నా చెయ్యి నీ చెయ్యి కంటె పెద్దగుంటది, నాదంత చెయ్యుమను," అంది.

ఆ మరుసటి వారం సీతారామయ్య ఊరెళ్లి వచ్చారు. ల్యాబులో ప్రతి డబ్బాకూ తీగతో రేకు బిళ్ల కట్టించారు. ఇక మొరుం పొడి కూడా ఎవరికీ ఇవ్వకూడదన్నారు. పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదని లచ్చమ్మకు తనే పైకెళ్లి చెప్పి వచ్చారు. అలా పైకి వెళ్లేముందు, ఆమె డబ్బా తిరిగి ఇవ్వాలి కదా, ఆమనిని పిలిచి మూత తీసి చూపించారు. అంచు దాకా తాపేశ్వరం కాజాలు.

"సరిపోతాయా?" అని అడిగారు. ఆయన ఒక విషయంలో ఆమని సలహా అడగడం అదే మొదలు.

డబ్బా వారం తిరక్కుండానే సకినాలతో కిందికి వచ్చింది. ఈసారి రాకేశ్ మూత తీసి, వాసన చూసి, ఒకటి కొరికి చూసి మరీ లోపల పెట్టుకున్నాడు. ఎందుకలా అంటే, పరీక్ష చేస్తున్నా అన్నాడు.

బతుకమ్మ నాటికి వానలు రెండు మూడు పెద్దవే పడ్డాయి. గేటు ముందు నల్లరాయి మీద ఆ ఆదివారం ముగ్గు ఇంకా మసకగా ఉంది. దాన్ని గీకవద్దనీ, ఎన్నాళ్లుంటుందో చూడాలనీ సీతారామయ్య అన్నారు. లచ్చమ్మ దాన్ని వదిలేసి దాని చుట్టూ కొత్త ముగ్గు వేస్తోంది. రోజూ అదే చోట కాలు పెట్టకుండా దాటుకుని లోపలికి వెళ్లడం అందరికీ అలవాటైంది.

ఆమని ఇంకో రకం పూత మొదలుపెట్టింది. పొద్దున మెట్లు దిగుతుంటే లచ్చమ్మ చీపురు ఆపి అడుగుతుంది.

"పోయిందా బిడ్డా, నీ దుమ్ము?"

"పద్నాలుగు దగ్గరుంది. మీది?"

లచ్చమ్మ వంగి రాయి మీద వేలు రాసి చూస్తుంది.

"నాది గూడ పోలే," అంటుంది.